జపాన్‌లో క్రెడిట్ కార్డు: జనం జాగ్రత్తా, ఏర్పాటు గొప్పా?

పద్దుపుస్తకం:
జపాన్‌లో కార్డు వాడేవాళ్లలో ఎక్కువమంది బిల్లంతా ఒకేసారి కట్టేస్తారు. అది చూపించి "మనవాళ్లకి ఆ క్రమశిక్షణ ఏదీ" అంటుంటారు. నేనొప్పుకోను. అక్కడ కౌంటర్లో కార్డు ఇస్తే "ఇక్కాయ్?" అని అడుగుతారు, ఒకేసారేనా అని. ఊఁ అంటే ఇక్కత్సు-బరాయ్. గడువు రోజున మొత్తం సొమ్ము బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. మన యాప్‌లో మినిమం డ్యూ బటన్ మొహం మీదే ఉంటుంది, మిగిలినదాని మీద నెలకి 3.5% చుట్టూ వడ్డీ. తేడా మనుషుల్లో లేదు, బటన్‌లో ఉంది.

తూర్పుగాలి:
అంత తేలిగ్గా తీసెయ్యకండి. జపాన్ కార్డు కంపెనీ జేసీబీ 1961 నాటిది. అయినా 2010లో మొత్తం కొనుగోళ్లలో నగదు రహిత చెల్లింపులు 13.2% మాత్రమే. 2024కి 42.8%, అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా కార్డులవే. అరవై ఏళ్లు కార్డు జేబులో ఉన్నా నోటు వదల్లేదంటే అప్పంటే జంకు ఉన్నట్టే కదా?

పద్దుపుస్తకం:
జంకు కొన్నవాళ్లదే కాదండీ, కొట్టువాళ్లది కూడా. చిన్న హోటల్ వాడికి కార్డు కమిషన్ 3% దాటితే లాభంలో ఎంత మిగులుతుంది? 2019 అక్టోబరులో వినియోగ పన్ను 10% అయినప్పుడు, చిన్న దుకాణాల్లో నగదు లేకుండా కొంటే 2020 జూన్ దాకా 5% వెనక్కిచ్చారు. అప్పుడు బాగానే గీకారు!

లెక్కలరాయుడు:
ఇద్దరూ రిబో మాట ఎత్తలేదేం? రిబో-బరాయ్ అంటే ఎంత కొన్నా నెలకి ఒకే మొత్తం కట్టడం. ఏడాదికి 15% వడ్డీ లెక్కన చూద్దాం. 2 లక్షల యెన్ బాకీ, నెలకి 5,000 అనుకుందాం. అసలుకి 5,000, వడ్డీ విడిగా కట్టే రకమైతే 40 నెలలు, మొత్తం వడ్డీ 51,250. ఆ 5,000లోనే వడ్డీ కలిసే రకమైతే మొదటి నెల 2,500 వడ్డీకే పోతుంది. తీరేసరికి 56 నెలలు, వడ్డీ దాదాపు 79 వేలు. ఈ రెండు రకాల్లో తమది ఏదో చూసుకోకుండా చేరేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు.

ఇంకో తిరకాసు: ఆటో రిబో పెట్టి ఉంటే కౌంటర్లో "ఇక్కాయ్" అన్నా సరే, వెనకాల రిబోలోకే వెళ్తుంది. పాయింట్లు ఎర వేసి చేర్పిస్తారు. మరి పద్దుపుస్తకం గారూ, ఇదీ ఏర్పాటేగా? మీరు మెచ్చుకున్న బటనే ఇటు తిరిగితే?

పద్దుపుస్తకం:
ఆ మాట నిజమే, ఏర్పాటు రెండు వైపులా కోస్తుంది. కానీ అది నా వాదనకే బలం. వడ్డీ లేని దారులూ ఉన్నాయి: రెండు వాయిదాలకీ, బోనస్ నెలలో ఒకేసారి కట్టేదానికీ మామూలుగా రుసుం ఉండదు. మూడు, అంతకు మించిన వాయిదాలు పెట్టుకుంటేనే రుసుం.

నిషికసాయి:
టోక్యోకి కొత్తగా వచ్చే మనవాళ్లకి పనికొచ్చేది చెబుతా. కార్డు రాగానే యాప్‌లో చెల్లింపు పద్ధతి తెరిచి రిబో ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. దరఖాస్తులో కతకనా (విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి) పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉండాలి. మన పొడవాటి ఇంటిపేర్లలో ఒక అక్షరం తేడా వచ్చినా ఆటో డెబిట్ నమోదు తిరిగొస్తుంది. చాలా కార్డులకి డెబిట్ 10 లేదా 27వ తేదీ, సెలవైతే తర్వాతి పనిరోజు. డబ్బు లేక తప్పితే ఆలస్య రుసుం సాధారణంగా ఏడాదికి 14.6%. ఆలస్యం 61 రోజులకి చేరితే సీఐసీ (మన సిబిల్ లాంటి అప్పుల చరిత్ర సంస్థ) రికార్డులో "ఇదో" అనే జపనీస్ గుర్తు, అంటే బాకీ ఎగ్గొట్టిన మచ్చ, పడుతుంది, కార్డు ఒప్పందం ముగిశాక కూడా ఐదేళ్లు ఉంటుంది. ఇంటి లోను అడిగే రోజున అదే అడ్డం.

తూర్పుగాలి:
ఆ ఐదేళ్ల భయమేనండీ నేనన్న జంకు!

లెక్కలరాయుడు:
భయమే ఉంటే రిబో వ్యాపారం ఇంతకాలం ఎలా నడుస్తోందో చెప్పండి. గడువు తప్పనివాడి దగ్గరే కదా అది వడ్డీ వసూలు చేసేది.