ఉదయగిరి చెక్క స్పూన్ల సైటుకి వైర్‌ఫ్రేమ్ గీయాలి, తక్కువ ఖర్చులో ఏ టూల్ మంచిది?

కావలి కుర్రాడు:
అందరికీ నమస్కారం. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి వెబ్‌సైట్లు చేస్తున్నాను. ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చేసే ఒక కుటుంబం వాళ్లు సైటు చేసిపెట్టమన్నారు. పోయిన వారం రంగులు, ఫొటోలు అన్నీ పెట్టి హోమ్ పేజీ చూపించాను. పెద్దాయన చూడగానే "ఆ నీలం బాలేదబ్బాయ్" అన్నాడు. ఇక గంటసేపు రంగు గురించే మాట్లాడుకున్నాం. ఆర్డర్ ఎట్లా పెట్టాలి, కొరియర్ ఖర్చు ఎక్కడ చూపించాలి అనే మాటే రాలేదు. అందుకే ముందు వైర్‌ఫ్రేమ్, అంటే రంగులు, ఫొటోలు లేకుండా పేజీలో ఏది ఎక్కడుండాలో చూపే గీతల నమూనా, గీసి చూపిద్దామని. ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్, నెట్ ఫోన్ హాట్‌స్పాట్. నెలకి 300 మించి పెట్టలేను. ఏది వాడమంటారు?

నెల్లూరు ట్రంకురోడ్డు:
ఫిగ్మా ఉచిత ప్లానే చాలు బ్రదర్. ఒకే ఫైలులో అన్ని స్క్రీన్లూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు. కాకపోతే ఫైలు పెద్దదయ్యేకొద్దీ 4 జీబీ మెషీన్ మీద బరువుగా నడుస్తుంది.

ఒంగోలు అక్క:
తమ్ముడూ, నీకు జరిగిందే చీమకుర్తి గ్రానైట్ వాళ్ల సైటు చేసేటప్పుడు నాకూ జరిగింది. వాళ్లకి చూపించేది పూర్తయినట్టు కనిపిస్తే చాలు, అందంగా ఉందా లేదా అనే చూస్తారు. చేత్తో గీసినట్టుంటేనే "ఇది ఇక్కడెందుకు?" అని అడుగుతారు. నేను డబ్బు కన్నా ముందు చూసేది ఇదే.

అందుకే నా ఓటు ఎక్స్‌కాలిడ్రాకి. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, లాగిన్ అక్కర్లేదు, ఉచితం, గీతలు పెన్నుతో గీసినట్టే వస్తాయి. ఒక్క జాగ్రత్త. నువ్వు గీసింది నీ బ్రౌజర్‌లోనే ఉంటుంది, హిస్టరీతో పాటు కుకీలు, సైట్ డేటా కూడా క్లియర్ చేస్తే పోతుంది. నేను అలా రెండు రోజుల పని పోగొట్టుకుని ఏడ్చినంత పనైంది. లేచే ముందు ఫైలుగా సేవ్ చేసుకో.

బటన్లు నొక్కితే పేజీలు మారేలా చూపించాలంటే పెన్‌పాట్‌కి వెళ్లు. అది ఓపెన్ సోర్సు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. బాల్సమిక్ ఈ పని కోసమే పుట్టింది, చాలా బాగుంటుంది గానీ ట్రయల్ అయ్యాక డబ్బు కట్టాలి. ఒక్క సైటు కోసం వద్దు.

ఇంకోటి, ఫోన్ వెడల్పు 360 పిక్సెళ్లు పెట్టుకుని గీయి, వాళ్ల కొనుగోలుదారులు చూసేది ఫోన్‌లోనే. పెట్టెల్లో నకిలీ ఇంగ్లీషు అక్షరాలు నింపొద్దు, నిజమైన మాటలే తెలుగులో రాయి. "పప్పు గరిటె, పెద్దది" అని రాస్తే ఆ పెట్టె ఎంత ఉండాలో అప్పుడే తెలుస్తుంది. తెలుగు అక్షరాలకి ఒత్తులు, గుడింతాలు ఉంటాయి కదా, వరసల మధ్య ఇంగ్లీషు కన్నా ఎక్కువ చోటు కావాలి.

కావలి కుర్రాడు:
అక్కా, చాలా థాంక్స్. ఎక్స్‌కాలిడ్రాలో నాలుగు స్క్రీన్లు గీసి, ప్రింటు తీసి ఉదయగిరి తీసుకెళ్లాను. పెద్దాయన ఈసారి రంగు ఊసే ఎత్తలేదు. పెన్ను తీసుకుని "ధర కింద ఇంకో వరస పెట్టు. నీళ్లలో నానబెట్టొద్దు, కడిగి తుడిచి ఆరబెట్టాలి అని రాయి. అది చెప్పకుండా అమ్మితే చెక్క పగిలిందని మనల్నే అంటారు" అన్నాడు. ఆ వరస నాకు తట్టనే లేదు. ఇంకో సందేహం, పెన్‌పాట్‌లో తెలుగు ఫాంటు ఏది పెట్టాలి?

ఒంగోలు అక్క:
నోటో సాన్స్ తెలుగు పెట్టు, లేదంటే మండలి. రెండూ గూగుల్ ఫాంట్లలో ఉన్నాయి, సైటులో కూడా అవే వాడుకోవచ్చు.