రోడ్ ట్రిప్‌లో ప్రతి రాత్రికీ క్యాంప్‌సైట్ ముందే బుక్ చేయాలా?

గాలిపటం:
జూలైలో శాన్ హోసే నుంచి సముద్రం వెంట ఆరెగాన్ దాకా కార్లో పది రోజులు తిరిగొద్దామని. టెంట్ ఉంది, ఇద్దరు పిల్లలు. పది రాత్రులూ ఇప్పుడే జనవరిలోనే బుక్ చేయాలంటుంది మా ఆవిడ. ఫలానా రోజు ఫలానా చోట ఉండి తీరాలంటే ఆఫీసుకీ దానికీ తేడా ఏముంది? మీరేమంటారు?

అల్లంచాయ్:
ఆవిడ మాట వినండి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో సరిగ్గా ఆరు నెలల ముందు, పొద్దున 8 గంటలకి ఆ తేదీకి బుకింగ్ తెరుస్తారు. మెకెరిచర్ లాంటి తీరం పార్కుల్లో వేసవి శని, ఆదివారాలంటే మన తత్కాల్ టికెట్లే అనుకోండి. మేమొకసారి ఆగస్టు శుక్రవారం బుకింగ్ లేకుండా బయల్దేరాం. మూడు పార్కుల దగ్గరా ఫుల్ బోర్డే. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు రాత్రంతా కారు సీట్లో కూర్చునే నిద్రపోయారు. ఇప్పటికీ పండక్కోసారి ఆ సంగతి తీస్తారు.

దారితప్పినోడు:
బయట ఫుల్ బోర్డు, లోపల ఖాళీ సైట్లు. నా కోపమంతా అదే. ఎందుకైనా మంచిదని మూడు వారాలు పట్టేసుకుని ఒక్కదానికే వెళ్లేవాళ్లలో మనవాళ్లూ తక్కువేం కాదు. ఈ బాధ పడలేకే కాలిఫోర్నియా 2023లో చట్టం చేసింది, చివరి రోజుల్లో రద్దు చేస్తే డబ్బు పోయేలా. మీరూ పది రాత్రులు పట్టేస్తే ఆ గుంపులో చేరినట్టే. పైగా రెడ్‌వుడ్ చెట్ల కింద ఇంకో రోజు ఉందామని పిల్లలు మారాం చేస్తే? రేపటి బుకింగ్ తరుముతుంటుంది.

అల్లంచాయ్:
ఒంటరిగా తిరిగేవాళ్లకు చెల్లుతుంది అండీ. నేషనల్ ఫారెస్ట్‌లో చాలాచోట్ల ఉచితంగానే టెంట్ వేసుకోవచ్చు, కాదనను. నీళ్లుండవు, టాయిలెట్ ఉండదు. చీకటి పడ్డాక పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని మట్టి రోడ్ల మీద వెతుకుతారా?

దారితప్పినోడు:
సరే, పిల్లల విషయంలో ఒప్పుకున్నా. శుక్ర, శనివారాలు, జూలై 4 (అమెరికా స్వాతంత్ర్య దినం సెలవు) చుట్టుపక్కల రోజులు బుక్ చేయండి. వారం మధ్యలో ఒక్క రాత్రికైతే రద్దయిన సైట్లు దొరుకుతుంటాయి, రోజూ చూస్తూ ఉండాలి. ఒక్కటే మాట: వెళ్లట్లేదని తెలిసిన రోజే రద్దు చేయండి. ఇంకొకరు కార్లో పడుకోకుండా ఉంటారు.

అల్లంచాయ్:
మా అత్తగారికి చెప్తాను, మీరు ఆవిడ పక్షమని.

గాలిపటం:
ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. శుక్ర, శని అనే లోపే ఆరెగాన్‌లో హారిస్ బీచ్ దగ్గర రెండు రాత్రులు బుక్ చేసేశానంది. టెంట్‌కి కాదు, యర్ట్ అట. గుండ్రటి గుడారం, లోపల మంచాలు, తలుపుకి తాళం. కొత్త టెంట్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.