0, 1 గళ్ళు: విలువ తగ్గకూడదంటే 20 మాత్రమే ఎందుకు?

ప్రశ్న:
నమస్తే అండి. 3×3 గళ్ళలో 0 గానీ 1 గానీ నింపాలి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి వెళ్తుంటే విలువ తగ్గకూడదు. ప్రోగ్రామ్ రాసి 512 రకాలూ పరీక్షిస్తే 20 నిలిచాయి. 4×4కి 70, 5×5కి 252. ఇవన్నీ పాస్కల్ త్రిభుజంలో (ప్రతి సంఖ్యా దాని పైనున్న రెండింటి మొత్తంగా రాసుకుంటూ పోయే త్రిభుజం) నట్టనడుమ ఉండే సంఖ్యలే! ఈ గళ్ళకీ దానికీ సంబంధం ఏమిటి? ఫార్ములా కాదు, కారణం చెప్పండి.

లెక్చరర్ జవాబు:
కారణం అడిగావు, చాలా సంతోషం బాబూ. క్లాసులో నేను ముందు ఫార్ములా రాయను, పిల్లల చేత బొమ్మలు గీయిస్తాను. నువ్వూ ఇది వేసుకో:

0 0 1
0 1 1
0 1 1

సున్నాలకీ ఒకట్లకీ మధ్య పెన్నుతో సరిహద్దు గీయి. ఎడమ కింది మూల నుంచి కుడి, పైకి, పైకి, కుడి, పైకి, కుడి. అంతే, కుడి పై మూలకి చేరావు. విలువ తగ్గకూడదన్న నియమం వల్లే ఆ గీత ఎడమకీ కిందికీ తిరగదు. ఆరు అడుగుల్లో పైకి వేసే మూడూ ఏవో తేలితే గీత ఖాయం, గీతతో పాటు తొమ్మిది గళ్ళూ ఖాయం. కాబట్టి ఆరింట్లో మూడింటిని ఎంచుకునే విధాలు, అంటే 6సి3 = 20. పాస్కల్ త్రిభుజంలో ఉండేవి ఇలా ఎంచుకునే విధాల లెక్కలే. 3×5 అయితే 8సి3 = 56.

ఇంకొకరి జవాబు:
గీత లేకుండా కూడా తేలుతుంది. ఒక్కో అడ్డవరుసలో ఎన్ని సున్నాలున్నాయో రాయండి, సార్ బొమ్మకి 2, 1, 1. ఈ అంకెలు కిందికి పోయేకొద్దీ పెరగకూడదు. ప్రోగ్రామ్‌లో వీటినే తిప్పితే చాలు, 5×5కి మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల రకాలు చూడక్కర్లేదు.

మళ్ళీ అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. సార్, 0, 1, 2 మూడూ వాడితే? గీతలు రెండు కదా, 20×20 = 400 అవుతుందా?

లెక్చరర్ జవాబు:
అవదు. రెండు గీతలూ ఒకదాన్నొకటి ఆనుకోవచ్చు గానీ దాటకూడదు. 0కీ 1కీ మధ్య ఉన్న గీతని మూలవాటంగా, ఎడమకి ఒక గడి, పైకి ఒక గడి జరుపు. ఇప్పుడు అవి అసలు తగలకూడదు. తగిలే జంటలో మొదటిసారి కలిసిన చోట తోకలు, అంటే అక్కడి నుంచి మిగిలిన భాగాలు, ఒకదానివి ఒకదానికి మార్చెయ్. మొదటి గీత రెండోదాని గమ్యానికి, రెండోది మొదటిదాని గమ్యానికి పోతాయి. అప్పుడు ఒకదానికి పైకి రెండడుగులు, ఇంకోదానికి నాలుగు పడతాయి కాబట్టి అలాంటి జంటలు 6సి2 × 6సి4 = 225. తీసేస్తే 400 − 225 = 175. లిండ్‌స్ట్రోమ్, గెసెల్, వియెన్నోల పేర్లతో ఉన్న సూత్రం ఇదే. నాకు కాంబినేటరిక్స్‌లో ఇంతకంటే ఇష్టమైన ఎత్తు లేదు. ముందు 2×2కి చేసి చూడు, 36 − 16, మళ్ళీ 20 వస్తుంది.

2×2×2 ఘనంలో 0, 1 నింపినా ఈ 20నే. కానీ 2×2×2×2 అంటూ ఒక్కో దిక్కూ పెంచుకుంటూ పోతే 168, 7581... వీటిని డెడెకిండ్ సంఖ్యలంటారు. అక్కడ గీతల పద్ధతి పనిచెయ్యదు. తొమ్మిది దిక్కుల సంఖ్య 2023లో గానీ దొరకలేదు, దానికి 42 అంకెలు.