పంచ్ అంటే ఐదేనా?

కడప నుంచి అడుగుతున్నా. మా అక్క కొడుకు బెంగళూరులో ఒక బార్‌లో పనికి చేరినాడు. పండక్కి వచ్చి, "మామా, రోజూ రమ్ పంచ్, ప్లాంటర్స్ పంచ్ అని కలుపుతుంటా. తాగితే గుద్దినట్టు ఉంటుందనేనా ఆ పేరు?" అన్నాడు. కాదురా, పంచామృతంలో పంచ ఎట్లనో ఇదీ అట్లే, ఐదు వస్తువులు: సారాయి, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, మసాలా దినుసు అని చెప్పేసినా. చెప్పినాక అనుమానం పట్టుకుంది. తెలిసినవాళ్లు తేల్చండి.

అనంతపురం నుంచి: అనుమానమెందుకప్పా? 1670లలో మన దేశం తిరిగిపోయిన జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ మాటే రాసినాడు. హిందుస్తానీలో ఐదు అని అర్థం, ఐదు వస్తువులు పడతాయి గనక ఆ పేరు అని.

కర్నూలు నుంచి: ఫ్రయర్ రాసినంత మాత్రాన తేలిపోదు సార్. ఆ కాలపు ఇంగ్లీషువాళ్లు ఆ మాటను 'పుంచ్' అన్నట్టు పలికేవాళ్లు. 'పాంచ్' నుంచి 'పుంచ్' రావడం కష్టం. పంచియన్ అని పెద్ద పీపాకు ఒక పేరుంది, దాన్ని కుదించి ఓడల్లోని వాళ్లు పంచ్ అన్నారని ఇంకో వాదం. పైగా పాత పంచుల్లో మూడు వస్తువులవీ ఉన్నాయి, ఆరువీ ఉన్నాయి.

అనంతపురం నుంచి: వస్తువుల లెక్క తప్పిందని మాట మూలం తప్పదు. నువ్వుల నెయ్యి కదా నూనె అయింది? ఇప్పుడు వేరుశనగ నూనె అనడం లేదా? ఈ కాక్‌టెయిళ్లలోనే ఓర్జా అని బాదం పాకం ఒకటి పోస్తారు. ఫ్రెంచిలో ఓర్జ్ అంటే బార్లీ. బార్లీ ఎప్పుడో పోయింది, బాదమే మిగిలింది, పేరు మాత్రం అదే.

కర్నూలు నుంచి: నూనె మాట బాగుంది, ఒప్పుకుంటా. పలుకుబడికి మాత్రం మీరు జవాబు చెప్పలేదు.

మళ్లీ కడప నుంచే: మీ ఇద్దరి మాటలు చదివి నేనూ కొంచెం తవ్వినా. ఇంగ్లీషులో పంచ్ అనే మాట మొదట కనపడేది 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకాయన పెటపోలిలోని వ్యాపారికి రాసిన ఉత్తరంలో. పెటపోలి అంటే ఎక్కడో కాదు, మన నిజాంపట్నం! మూలం ఐదో పీపానో గానీ, ఆ మాట కాగితం మీద పడి చేరింది తెలుగు తీరానికి. అప్పుడు దాంట్లో పోసింది రమ్ము కాదు, ఇక్కడి సారాయే. రమ్ము కరీబియన్ దీవుల సరుకు. చెరకు నుంచి చక్కెర తీసినాక మిగిలే మడ్డిని పులియబెట్టి బట్టీ పెడితే వచ్చేది. మార్టినిక్ దీవిలో మాత్రం చెరకు రసంతోనే చేస్తారు. బార్బడోస్ దీవివాళ్లు పంచ్‌కు ఒక లెక్క పాటగా చెప్పుకుంటారు: పులుపు ఒక పాలు, తీపి రెండు, మత్తు మూడు, నీళ్లు నాలుగు. మత్తు తీసేసి మిరియం వేస్తే మన శ్రీరామనవమి పానకానికి దగ్గరే.

టీకీ అని ఒక రకం రమ్ము కాక్‌టెయిళ్లున్నాయి, అవి ఈ పంచ్‌కే వేసిన వేషం అంటాడు మావాడు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసినాక డాన్ బీచ్ అనే ఆయన హాలీవుడ్‌లో బార్ పెట్టి, రెండు మూడు రకాల రమ్ములు కలిపి, దాల్చినచెక్క పాకం లాంటివి చేర్చి అమ్మినాడు. టీకీ అంటే పాలినీషియా దీవుల్లో చెక్కే మనిషి రూపం. రమ్ముకూ దానికీ సంబంధమే లేదు; ఒక సముద్రపు సారాయికి ఇంకో సముద్రపు బొమ్మ. మైతై అనే పానీయం పేరు కూడా అట్లాంటిదే, తాహితీ భాషలో 'బాగుంది' అని అర్థమట. దాన్ని తాను 1944లో కలిపినానని విక్ బెర్జరాన్ అనే ఇంకో బార్ యజమాని చెప్పుకున్నాడు.

కర్నూలు నుంచి: మేం ఎప్పుడూ తాగనోళ్లం. మొదలుపెట్టేవాళ్లకు మీవాడు ఏం ఇస్తాడు?

కడప నుంచి: టీకీ జోలికి పోనీయడంట. తెల్ల రమ్ము 60 మి.లీ., నిమ్మరసం 30, చక్కెర పాకం 20, ఐసు వేసి బాగా కుదిపి వడగట్టడమే. పేరు డైకిరీ, అది క్యూబాలో ఒక ఊరు. రమ్ము రుచి తెలియాలంటే ముందు ఇది తాగాలంటాడు. నేనైతే ఆ మూడింట్లో రెండే కలుపుకొని తాగినా, మా అక్క అక్కడే కూర్చోనుంది.

అనంతపురం నుంచి: మొలాసిస్‌ను మీరు మడ్డి అన్నారు. మా ఇంట్లో మడ్డి అంటే నూనె డబ్బా అడుగున మిగిలేదే. వేరే మాట ఉంటే చెప్పండప్పా.