సద్దుల బతుకమ్మ పనులు: శుక్రవారంలోపు హాలు డబ్బు కట్టాలి

మిర్యాలగూడ అన్న: మన నల్గొండ, పాలమూరు వాళ్లం కలిసి చేసే బతుకమ్మకు తీసుకున్న హాలు వాళ్ల మెయిల్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం 5 లోపు మిగతా 600 పౌండ్లు కట్టకపోతే బుకింగ్ రద్దట. మన రెండు సైట్లలో అమ్మే టికెట్ల డబ్బు రాగానే కడదాం. సౌండ్, పూలు, సద్దులు, పార్కింగ్ దగ్గర నిలబడటం, లక్కీ డ్రాకు నారాయణపేట చీరలు. ఎవరికి ఏది వీలైతే అది కింద రాయండి.

సూర్యాపేట వదిన: పులిహోర, సత్తుపిండి నావి. గునుగు ఇక్కడ దొరకదు, బంతి, చామంతితోనే పేరుద్దాం. తంగేడు మాట ఎవరూ ఎత్తకండి, ఏడుపొస్తది.

గద్వాల తమ్ముడు: అన్నా, ముందు ఆ టికెట్ల సంగతి చూడండి. మా పాలమూరు సైటు తెరిస్తే పైన పిల్లలమర్రి బొమ్మ ఉంది, కింద నల్గొండ రేటు 15 ఉంది. మాది 12 కదా? కట్టిన డబ్బు కూడా మీ ఖాతాలో పడింది.

మిర్యాలగూడ అన్న: రిఫ్రెష్ చేసి చూడు. నాకు బాగానే వస్తోంది.

గద్వాల తమ్ముడు: చేశా. ఒకసారి మాది వస్తుంది, ఒకసారి మీది.

వనపర్తి అక్క: ఇద్దరికీ ఒకే అప్లికేషన్ చాలు, సర్వర్ ఖర్చు సగమవుతుంది అన్నది మీరే. ఇప్పుడు మావాళ్ల డబ్బు మీ దాంట్లో పడితే మేం ఎవరికని లెక్క చెప్పాలి?

దేవరకొండ బావ: ఎవరూ కావాలని మళ్లించలేదు. ఆ మాట బాలేదు.

వనపర్తి అక్క: మళ్లించారని నేననలేదు. లెక్క అడిగితే కోపమెందుకు?

సూర్యాపేట వదిన: కొట్లాట తర్వాత. నల్గొండలో మా మరిది ఇంకా మేలుకునే ఉన్నాడు, రోజూ చేసే పని ఇదే. కోడ్ చూడమన్నా.

నల్గొండ మరిది: చూశాను. రెండు డొమైన్లూ (సైటు పేర్లూ) ఒకే జాంగో అప్లికేషన్‌కు వస్తున్నాయి, జాంగో అంటే సైట్లు కట్టే పైథాన్ సాధనం. బ్రౌజర్ ఏ పేరుతో వచ్చిందో రిక్వెస్ట్‌లోని హోస్ట్ హెడర్ చెబుతుంది. పేజీ తయారయ్యేముందు నడిచే మిడిల్‌వేర్ అనే కోడ్ దాన్ని చదివి ఇది పాలమూరా, నల్గొండా అని తేలుస్తోంది. అక్కడిదాకా సరే. తేల్చినదాన్ని ఆ రిక్వెస్ట్‌కే తగిలించాలి. ఇక్కడ మాత్రం అందరికీ కలిపి ఒకే గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టారు. సర్వర్ నాలుగు థ్రెడ్లతో, అంటే ఒకేసారి నలుగురి పేజీలు తయారుచేస్తూ నడుస్తోంది. పాలమూరు పేజీ సగం తయారయ్యేసరికి నల్గొండ వాళ్లు ఇంకెవరో వస్తే ఆ వేరియబుల్ మారిపోతుంది. బొమ్మ తీసేటప్పుడు పాలమూరు, రేటు తీసేటప్పుడు నల్గొండ. ఒక్కరే చూస్తే ఏమీ తేడా రాదు, అందుకే అన్నకు బాగా కనిపించింది.

ఇంకోటి. తెలియని పేరు వస్తే నల్గొండ అనుకొమ్మని రాసి ఉంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కలిపి కొట్టిన పాలమూరు వాళ్లంతా మన సైటుకే వచ్చారు. ఏ పేర్లను రానివ్వాలో రాసే అలవ్డ్ హోస్ట్స్ జాబితాలో నక్షత్రం గుర్తు (*) పెట్టి ఏ పేరైనా రానిచ్చారు. ఉన్న పేర్లన్నీ అక్కడ రాసి, తెలియనివాటికి 400 ఎర్రర్ ఇవ్వడమే నయం. ఇప్పటికైతే ప్రాసెస్‌కు ఒకే థ్రెడ్ పెట్టి, ప్రాసెస్‌లు పెంచుతున్నా. ఒక్కో ప్రాసెస్‌కు ఆ వేరియబుల్ వేరుగా ఉంటుంది. కలగలుపు ఆగుతుంది.

వనపర్తి అక్క: ఇప్పటిదాకా కట్టినవాళ్ల సంగతి?

నల్గొండ మరిది: సర్వర్ లాగ్‌లో హోస్ట్ కూడా రాయించారు, అదృష్టం. ఎవరు ఏ పేరుతో వచ్చారో ఎక్సెల్‌లో తీసి పంపుతా.

వనపర్తి అక్క: అయితే సరే. బావా, నా మాట మనసులో పెట్టుకోకు.

దేవరకొండ బావ: లేదక్కా. నేనూ తొందరపడ్డా.

మిర్యాలగూడ అన్న: టికెట్లు ఆపేశాం కాబట్టి ఖాతాలో 380 దగ్గరే ఆగింది.

వనపర్తి అక్క: 150 మా ఖాతా నుంచి పంపుతున్నా. ఎక్సెల్ వచ్చాక చూసుకుందాం.

దేవరకొండ బావ: మిగిలిన 70 నాది. సౌండ్ వాడికి అడ్వాన్స్ ఇవ్వలేం, మా ఇంటి స్పీకర్ తెస్తా.

గద్వాల తమ్ముడు: రెండు ఫోన్లలో ఒకేసారి తెరిచా. రేటు 12 వస్తోంది. రసీదు మీద మాత్రం ఇంకా నల్గొండే.

నల్గొండ మరిది: రసీదు మెయిల్ పంపేది వెనకాల నడిచే వేరే ప్రాసెస్. అక్కడ రిక్వెస్టే ఉండదు, ఇక హోస్ట్ ఎక్కడిది? ఆర్డర్‌తో పాటే సైటు పేరు డేటాబేస్‌లో దాచాలి. అది రేపు.

సూర్యాపేట వదిన: వాడికక్కడ తెల్లారుతోంది, పడుకోనివ్వండి. మిగతావాళ్లు గేటు దగ్గర నగదు ఇచ్చి రావాలని గ్రూపులో పెట్టండి. రసీదులు చేత్తో రాసిద్దాం.

గద్వాల తమ్ముడు: రసీదు బుక్కు నేను తెస్తా. ఎవరి పేరు మీద రాయమంటారు?

వనపర్తి అక్క: రెండూ రాయి. కింద నేనూ అన్నా సంతకం పెడతాం.