పరిషత్తు నాటిక: రచనా, బహుమతి కోసం కసరత్తా?

తెరవెనుక:
పెద్ద నాటకం రాసే దమ్ము లేనివాళ్లే గంటలో అయిపోయే నాటికలు రాస్తారని, అవీ నాటక పోటీలు పెట్టే పరిషత్తుల జడ్జీల కోసం వండేవేనని నిన్న ఒకాయన తేల్చేశారు. నేనూ నాటికలు రాస్తాను. అందుకే నా సొంత సరుకు పక్కన పెట్టి తోటి రచయితల పని గురించే మాట్లాడతాను.

మొన్నామధ్య ఒక మిత్రుడి నాటిక చూశాను. పొలం రిజిస్ట్రేషన్‌కు తండ్రిని తీసుకెళ్దామని కొడుకు పట్నం నుంచి కారేసుకుని వస్తాడు. ముసలాయన చెప్పులు కనపడవు. మంచం కింద, గుమ్మం పక్కన, పెరట్లో వెతుకుతూ కొడుకు చిరాకు పడుతుంటాడు. తల్లి మాత్రం కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటుంది. దాచింది ఆవిడేనని మనకు తెలుసు, వాడికి తెలియదు. పావుగంట దాకా 'పొలం' అన్న మాటే రాదు! ఆ తల్లి చేత మొదట్లోనే రెండు పేజీల డైలాగు కొట్టించి చప్పట్లు దండుకోవచ్చు. ఆయన దండుకోలేదు. నిజం చెప్పాలంటే కుళ్లుకున్నాను.

పాతవాటిలో గొల్లపూడి మారుతీరావు గారి 'కళ్లు' తీసుకోండి. గుడ్డి బిచ్చగాళ్లు చిల్లర పోగేసి తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపు రాగానే వాడు వాళ్లవాడు కాకుండా పోతాడు. 1988లో ఎం.వి.రఘు దాన్నే సినిమాగా తీశారు. గణేష్ పాత్రో గారి 'కొడుకు పుట్టాల'లో ఉన్నదంతా కొడుకు కోసం ఒక ఇల్లు పడే యావ. వీటికి ఇంకో గంట అతికిస్తే బాగుపడతాయా?

ముందువరుస:
మీరు మంచివి ఏరుకొచ్చి చూపిస్తున్నారు. కుర్చీలో కూర్చుని వరసగా చూసేవాడికి దొరికేది వేరు సార్. వృద్ధాశ్రమం, అమెరికా కొడుకు, రాని ఫోను, గుండెపోటు, ఏడుపు సంగీతం, చివర్లో నటులంతా బొమ్మల్లా నిలిచిపోయే ఫ్రీజ్. నటుడు ప్రేక్షకుడి వైపు కాదు, జడ్జీల బల్ల వైపు తిరిగి ఏడుస్తాడు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పెట్టింది నాటకాన్ని బాగు చేద్దామని. పోటీలు పెరిగాయి, గంటలో ముగించాలన్నారు, పెద్ద నాటకం వేసే సమాజాలు తగ్గిపోయాయి. ఈ గంటలో 'కన్యాశుల్కం' పుడుతుందా?

గ్రీన్‌రూమ్:
నాటిక పొట్టిగా ఉండటానికి కారణం సాహిత్యం కాదండీ, జేబు. మావాళ్లందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. రిహార్సల్ రాత్రి భోజనాలయ్యాకే. నటీమణికి పారితోషికం, రానుపోను ఖర్చులు ఇచ్చుకోవాలి. ఒకే పరిషత్తులో ఒకే నటి రెండు మూడు సమాజాలకు వేయడం మామూలే. అందుకే రచయిత ఒక్క ఆడపాత్రతో సరిపెడతాడు. అదీ ఎక్కువసార్లు తల్లే. దీన్ని మాత్రం నేను కళ అనను.

తెరవెనుక:
గ్రీన్‌రూమ్ గారూ, ఆడపాత్రల విషయంలో మీతో వాదించను. మా రచయితలందరికీ తగలాల్సిన మాటే.

ముందువరుస గారికి మాత్రం ఒక మాట. 'కన్యాశుల్కం' 1909 కూర్పును ఉన్నదున్నట్టు వేస్తే ఒక రాత్రికి తెమలదు. జె.వి.సోమయాజులు, రమణమూర్తి సోదరులు ఊరూరా వేసి జనానికి దగ్గర చేసింది కుదించిన ప్రతినే. కుదించారని గిరీశం చిన్నవాడయ్యాడా? ఇక ఏడుపు, ఫ్రీజ్ అంటారా, అవి నిడివి తెచ్చిన జబ్బులు కావు. చివరి అయిదు నిమిషాలకే మార్కులు పడతాయన్న నమ్మకం తెచ్చినవి. మూడు గంటల నాటకాల్లోనూ కావలసినంత ఏడుపు చూశాం.

కథలపిచ్చి:
అసలు ప్రశ్న ఎవరూ అడగటం లేదు. ఈమధ్య బహుమతులొచ్చిన నాటికల్లో చాలావాటికి మూలకథ వేరొకరిది. పత్రికలో వచ్చిన కథను తెచ్చుకుని నాటకీకరించినవాళ్లకు 'ఉత్తమ రచన' ఏమిటి?

తెరవెనుక:
కథలో 'ఆమెకు కోపం వచ్చింది' అని రాస్తే సరిపోతుంది. రంగస్థలం మీద ఆ కోపానికి ఒక పని కావాలి. గిన్నె విసరాలా, అన్నం ఇంకాస్త ఎక్కువ వడ్డించాలా? ఆ నిర్ణయం నాటక రచయితదే. కథలో పదేళ్లు గడుస్తాయి. ఇక్కడ ఒకే సెట్టు, ఒకే సాయంత్రం. పదేళ్లనూ ఎవరి నోట, ఏ సందర్భంలో పలికించాలో తేల్చాలి. దానికి బహుమతి ఇస్తే తప్పేమిటి? మూలకథకుడి అనుమతి లేకుండా చేస్తే మాత్రం దొంగతనమే. అందులో రెండో మాట లేదు.

కథలపిచ్చి:
సరే, అనుమతి తీసుకున్నారే అనుకుందాం. కరపత్రం మీద మూలకథ రాసినాయన పేరు ఏ సైజులో వేస్తారు?

గ్రీన్‌రూమ్:
కరపత్రం మీద చోటుండదండీ, దాతల ఫొటోలు పోను. తెర లేచే ముందు మైకులో చదువుతాం. మైకు పనిచేస్తే.