అప్‌డేట్: లైనక్స్‌లో క్యాడ్ ఎట్టకేలకు నడిచింది

విండోస్‌కి మాత్రమే ఇచ్చే త్రీడీ క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీసే) సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్‌లో నడపడం ఎలా అని పోయిన నెల అడిగాను కదా, వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో నడిపించేది) ఇన్‌స్టాల్ అయితే అయింది గానీ దాని లైసెన్స్ సర్వీస్ స్టార్ట్ అవ్వట్లేదని. రెండు వారాలు కుస్తీ పట్టి వదిలేశాను. చివరికి మీలో ఒకరు చెప్పినట్టు కేవీఎంతో వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే లైనక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేది) చేసి అందులో విండోస్ పెట్టాను. మొదట్లో మోడల్ తిప్పితే స్లైడ్ షో చూస్తున్నట్టే ఉంది, అసలు గ్రాఫిక్స్ కార్డు వర్చువల్ మెషీన్‌కి కనపడదు మరి. బయోస్‌లో ఐఓఎంఎంయూ (హార్డ్‌వేర్‌ని వీఎంకి నేరుగా ఇవ్వడానికి కావాల్సిన సెట్టింగ్) ఆన్ చేసి, మూలన పడి ఉన్న పాత కార్డుని వీఎఫ్‌ఐఓ అనే లైనక్స్ డ్రైవర్‌తో నేరుగా దానికే అప్పగించాను (లైనక్స్‌కి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలు). ఇప్పుడు 300 పార్టుల అసెంబ్లీ కూడా ఎక్కడా ఆగకుండా తిరుగుతోంది!

ఒక్క తిరకాసు: వీఎంని మళ్ళీ సృష్టిస్తే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) మారిపోయి, దానితో ముడిపడ్డ లైసెన్స్ మొదటికొచ్చింది. ఆ అడ్రస్ మారకుండా ముందే పెట్టుకోండి.

ఫ్రీక్యాడ్‌కి (లైనక్స్‌లోనే నడిచే ఉచిత క్యాడ్) మారిపొమ్మన్నవాళ్ళకి: దాని 1.0 వెర్షన్ నిజంగానే బాగుంది, కొత్త పనులు అందులోనే మొదలుపెట్టాను. పాతవి స్టెప్ ఫైళ్ళుగా (క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మధ్య మోడళ్ళు పంచుకునే ఫార్మాట్) తెస్తే ఆకారం వస్తుంది గానీ ఫీచర్ ట్రీ (మోడల్‌ని ఏ దశల్లో కట్టామో ఉండే జాబితా) రాదు, ఒక్క రంధ్రం సైజు మార్చాలన్నా తిప్పలే. అందుకే వీఎంని ఇప్పట్లో తీసెయ్యను.